ఇంగ్లండ్‌లోని హీత్‌లాండ్, అడవి దారుల్లో పరుగెత్తేవారు ఏం గమనించాలి?

ముందుగా గమనించవలసింది నేల. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ వంటి చోట్ల హీత్‌లాండ్ అంటే సారం తక్కువైన ఆమ్ల నేలల మీద హెదర్, గోర్స్ పొదలు పరుచుకున్న బయలు. ఇసుక పాలు ఎక్కువగా ఉన్నచోట వాననీరు త్వరగా ఇంకిపోతుంది కనుక తడి రోజుల్లోనూ కాలు నిలుస్తుంది. ఎండలు ముదిరాక మాత్రం అదే ఇసుక వదులై పిక్కలను అలసిపోయేలా చేస్తుంది కాబట్టి, అడుగులు పొట్టిగా, త్వరత్వరగా వేయడం మంచిది. అడవిలో దారికి అడ్డంగా తేలిన బీచ్ (beech) అనే పెద్ద చెట్ల వేళ్లను రాలిన ఆకులు కప్పేస్తాయి. తడిసిన వేరు మీద ఎంత మంచి బూటైనా జారుతుంది. తొక్కకుండా దాటడమే మేలు.

అన్నిటికన్నా ముఖ్యమని నేను భావించేది పక్షుల సంగతి. నైట్‌జార్, ఉడ్‌లార్క్ నేల మీదే గుడ్లు పెడతాయి. ఎండుటాకుల రంగులో కలిసిపోయే నైట్‌జార్, కాలు పడబోయే చోటే ఉన్నా కంటికి ఆనదు. అందుకే వసంతం, వేసవి కాలాల్లో కాలిబాట వదలకూడదు. 2000 నాటి చట్టం ద్వారా ప్రజలకు ప్రవేశ హక్కు లభించిన భూముల్లో, మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కను 2 మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలన్నది నిబంధన.

ఇంటికి చేరాక మోకాళ్ల వెనుక, గజ్జల్లో పిడుదులు ఉన్నాయేమో చూసుకోవాలి. వాటిలో కొన్ని, బ్యాక్టీరియా వల్ల వచ్చే లైమ్ వ్యాధిని మోస్తాయి.