కాలేజీ కోచ్‌కి కంచు విగ్రహమా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి అలబామా యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ టస్కలూసాలో కాలేజీ ఫుట్‌బాల్ (బంతి చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌కి లక్షమంది వస్తారట. స్టేడియం బయట నిక్ సేబన్ అనే కోచ్‌కి బతికుండగానే విగ్రహం పెట్టారట! పెద్ద లీగ్‌లో నెగ్గలేక కాలేజీకి వచ్చినాయన అని ఎక్కడో చదివాను. ఆయనకి విగ్రహమేమిటండీ?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: విగ్రహం సంగతి తేలిక, తల్లీ. అలబామాకి జాతీయ టైటిల్ తెచ్చిన ప్రతి కోచ్‌కీ అక్కడ విగ్రహం ఉంది. 2011లో సేబన్‌ది పెట్టారు, వరసలో ఐదోది. అప్పటికి ఆయన అక్కడ గెలిపించింది ఒక్క టైటిలే.

మీరు చదివిందీ అబద్ధం కాదు. 2005, 2006లో ప్రొఫెషనల్ లీగ్ జట్టు మయామీ డాల్ఫిన్స్‌కి కోచ్‌గా 32 మ్యాచ్‌ల్లో 15 గెలిచాడు. డ్రూ బ్రీస్ అనే ఆటగాణ్ని తీసుకుందామంటే, ఆపరేషన్ అయిన భుజం చూసి డాక్టర్లు వద్దన్నారు. అదే బ్రీస్ 2010లో న్యూ ఆర్లీన్స్ జట్టుకి సూపర్ బౌల్, అంటే ఆ లీగ్ ఫైనల్, గెలిపించాడు! పైగా 2006 డిసెంబరులో ‘నేను అలబామా కోచ్‌గా వెళ్లను’ అని విలేఖరులతో తెగేసి చెప్పి, జనవరి మొదటి వారంలోనే వెళ్లిపోయాడు. ఆ మాట తప్పడాన్ని నేను వెనకేసుకురాను.

కానీ ప్రొఫెషనల్ లీగ్‌లో కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవాలి. ఓడిన జట్టుకి ముందు, గెలిచిన జట్టుకి చివర. కాలేజీలో ఆ గొడవ లేదు. హైస్కూల్ పిల్లాడి ఇంటికే వెళ్లి, అమ్మానాన్నల ఎదురుగా కూర్చుని ఒప్పించి తెచ్చుకోవచ్చు. సేబన్ ఆ పనిలో దిట్ట.

ముప్పయ్యేళ్లు డ్రిల్ మాస్టారుగా చేసినవాణ్ని, నాకు మాత్రం ఆయన పెట్రోల్ బంకు కథే ఇష్టం. వెస్ట్ వర్జీనియాలో, బొగ్గు గనుల ప్రాంతంలో తండ్రి బంకు నడిపేవాడు. ఈ పిల్లాడు అక్కడ కార్లు కడిగేవాడు. ఒక్క చార కనిపించినా నాన్న కారు మొత్తం మళ్లీ కడిగించేవాడు. నల్ల కారో, ముదురు నీలం కారో వచ్చిందంటే ప్రాణం ఉసూరుమనేదట. చారలు దాగవు కదా.

1998లో మిషిగన్ స్టేట్ కోచ్‌గా ఉన్నప్పుడు లయనెల్ రోజెన్ అనే సైకియాట్రీ ప్రొఫెసర్ ఆయనకొక మాట చెప్పాడు. ఈ ఆటలో ప్రతిసారీ బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా సగటున ఏడు సెకన్లు, ఆ ఏడు సెకన్లే చూసుకోమనండి, స్కోరు వద్దని. కుర్రాళ్లు అలాగే ఆడి, నంబర్ వన్ ఒహాయో స్టేట్‌ని వాళ్ల సొంత మైదానంలోనే 28-24తో ఓడించారు. నన్నడిగితే ఇదీ కారు కడగడమే.

అలబామాలో మొదటి ఏడాది ఏమంత గొప్పగా లేదు: 7 గెలుపులు, 6 ఓటములు. లూసియానా-మన్రో లాంటి చిన్న జట్టు చేతిలోనూ ఓడారు. తర్వాత 2009 నుంచి 2020 దాకా ఆరు టైటిళ్లు. అంతకుముందు ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)లో 2003ది కలిపితే ఏడు. 2024 జనవరిలో రిటైరయ్యాడు.

అన్నట్టు, అక్కడ మ్యాచ్ శనివారాల్లో ఊళ్లో కారు కదలదు. సరుకులు శుక్రవారమే తెచ్చుకోమనండి మీ అబ్బాయిని.