సాయం పాట రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వరద బాధితుల కోసం నువ్వు రాసిన పాట నిన్న రాత్రి మూడుసార్లు చదివాను. "అప్పటి ఛారిటీ పాటలంత ప్రభావం ఇప్పటి పాటకు ఉంటుందా అన్నా? ఉండకపోతే రాసి ఏం లాభం?" అని అడిగావు. ఆ టెన్షన్ నీ పాటలోనూ కనిపించింది. ప్రతి చరణం పెద్ద పాట అయిపోవాలని ఆరాటపడుతోంది.

డబ్బు లెక్క వరకే అయితే, అంత ప్రభావం ఉండదనే అనుకుంటాను. అది నీ కలం తప్పు కాదు. 1984 అక్టోబర్‌లో ఇథియోపియా కరువు మీద బీబీసీలో ఒక కథనం వచ్చింది. అప్పుడు బ్రిటన్‌లో మామూలు టీవీ ఛానళ్లు నాలుగే. అందుకే ఆ దృశ్యాలు దేశాన్నంతా ఒకేసారి కదిలించాయి. బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ అనే గాయకులు ఆ కరువు బాధితుల కోసం పాట రాసి, నవంబర్ 25న లండన్‌లో పేరున్న గాయకులందరినీ పోగేసి పాడించారు. బ్యాండ్ ఎయిడ్ పేరుతో వచ్చిన ఆ రికార్డు మొదటి వారంలోనే పది లక్షల దాకా అమ్ముడుపోయింది. ఆ పాట ఇంట్లో ఉండాలంటే రికార్డు కొనాలి, కొంటే విరాళం ఇచ్చినట్టే. పాట నచ్చడానికీ జేబులో చెయ్యి పెట్టడానికీ మధ్య దూరమే లేదు. ఇప్పుడు ఫోన్‌లో వింటాం, కళ్లు చెమరుస్తాయి, వేలు తర్వాతి పాట మీదికి వెళ్లిపోతుంది. ఒకసారి విన్నందుకు వచ్చే రాబడి కూడా చాలా స్వల్పం.

2020లో టామ్ మూర్ అనే మాజీ సైనికుడు నూరేళ్లు నిండబోతుండగా తన పెరట్లో నూరు చుట్లు నడిచి, బ్రిటన్ ఆరోగ్య సేవల కోసం మూడు కోట్ల పౌండ్లకు పైగా విరాళాలు రాబట్టాడు. ఆయన గొంతు కలిపిన పాట కూడా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. కానీ జనం డబ్బు ఇచ్చింది ఆ నడక చూసే. పాట తర్వాత వచ్చింది. ఇప్పుడు క్రమం ఇలా మారిందని నాకు అనిపిస్తుంది.

ఇంకో సంగతి నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. కొత్త విరాళాల పాటలు తరచుగా పాతవాటి జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకుంటున్నాయి. 2010లో హైతీ భూకంపం వస్తే 1985 నాటి అమెరికన్ పాటనే మళ్లీ పాడారు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోతే 1970 నాటి పాటను ఎత్తుకున్నారు. బ్యాండ్ ఎయిడ్ పాటైతే 1989, 2004, 2014లలో మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ బాధ కొత్తది, దానికి కొత్త మాటలు దొరకలేదా అనిపిస్తుంది నాకు.

అసలు పాత పాటల మాటలు నువ్వు అనుకున్నంత గొప్పవా? బ్యాండ్ ఎయిడ్ పాట ఆఫ్రికాను నదులు పారని నేలగా చూపించింది. నీలి నైలు నది పుట్టేది ఇథియోపియాలోనే. క్రిస్మస్ అని వాళ్లకు తెలుసా అని అడిగింది. ఇథియోపియాలో క్రైస్తవం నాలుగో శతాబ్దం నుంచీ ఉంది. కరువు వెనక వానలు లేకపోవడమే కాదు, యుద్ధమూ ప్రభుత్వ విధానాలూ ఉన్నాయి. వాటి ఊసే లేదు. ఆ కష్టం మనకు రానందుకు దేవుడికి దండం పెట్టుకోమన్న పాదాన్ని 2014లో మార్చారు. అయినా ఘనా మూలాలున్న ఫ్యూజ్ ఓడీజీ అనే గాయకుడు ఆ మాటలు ఒప్పుకోలేక తప్పుకున్నాడు. ఆ పాట వల్ల ప్రాణాలు నిలిచాయి, దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ మాటల్లో దాన్ని మించడం నీకు కష్టమేమీ కాదు.

1971 సంగతి చూడు. తన మూలాలున్న బెంగాల్‌లో శరణార్థుల గోస చూడలేక సితార్ విద్వాంసుడు రవిశంకర్ తన స్నేహితుడు, బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్‌ను సాయం అడిగాడు. ఆగస్టు 1న న్యూయార్క్‌లో ఒకే రోజు రెండు కచేరీలు జరిగాయి. ఆల్బమ్ మీద వచ్చిన డబ్బు పన్నుల చిక్కుల్లో పడి ఏళ్ల తరబడి ఆగిపోయింది. (నీ పాట డబ్బు ఎవరి ఖాతాలోకి, ఎలా వెళ్తుందో విడుదలకు ముందే అడిగి తెలుసుకో, మొహమాటపడకు.) కానీ హారిసన్ పాట పేరే బంగ్లాదేశ్. అప్పటికి ఏ దేశమూ గుర్తించని ఆ పేరు ఎక్కడెక్కడి రేడియోల్లోనో మోగింది.

పేరు విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ల కిందట తుపాను బాధితుల కోసం ఒక పాట రాశాను. నిండా కన్నీళ్లు, చీకట్లు, చేయూతలు. సహాయ శిబిరంలో పాడించాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "బాగుంది బాబూ, ఇందులో మేమెక్కడున్నాం?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే వెతుక్కున్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నీ పాట పల్లవి బాగుంది, ముట్టుకోకు. రెండో చరణంలో "అభాగ్యులు" తీసేయ్. ఆ మాట అనిపించుకోవాలని ఎవరూ కోరుకోరు. మునిగిన ఇంటికి తిరిగొచ్చిన మనిషి ముందుగా దేని కోసం వెతికాడో, శిబిరానికి వెళ్లి నలుగురిని అడుగు. వాళ్లు చెప్పిన వస్తువు పేరు చెప్పినట్టే రాయి. వాళ్లలో ఒకరి గొంతు పాటలో వినిపిస్తే ఇంకా మంచిది, నిర్మాతతో నేను మాట్లాడతాను.

చరణం మార్చాక ముందు వాళ్లకు వినిపించు, ఆ తర్వాత నాకు పంపు.

నీ
అన్నయ్య