పాస్‌పోర్టు పారేస్తే శరణు దొరుకుతుందా?

ప్రశ్న: గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మా తమ్ముడు జగిత్యాలలో ఉంటున్నాడు. లిబియా దాకా విమానంలో, అక్కడి నుంచి పడవలో ఇటలీ చేరుస్తామని, పాస్‌పోర్టు పారేసి శరణు కోరితే పని దొరుకుతుందని ఒక ఏజెంటు ఎనిమిది లక్షలు అడుగుతున్నాడు. అక్కడి చట్టం వాడికి అండగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ తమ్ముణ్ణి ఆపండి. 2023 జూన్‌లో లిబియాలోని టొబ్రుక్ నుంచి సుమారు 750 మందితో బయలుదేరిన చేపల పడవ గ్రీసులోని పైలోస్ దగ్గర మునిగిపోతే, ప్రాణాలతో బయటపడినవారు 104 మందే. వారంతా ఏజెంట్లకు డబ్బు కట్టి ఎక్కినవారే. 2014 నుంచి మధ్యధరా సముద్రంలో చనిపోయిన, గల్లంతైన వలసదారుల సంఖ్య అంతర్జాతీయ వలస సంస్థ లెక్కల్లో 30 వేలు దాటింది. పడవ ఎక్కకముందే లిబియాలో ముఠాలు నిర్బంధించి, కొట్టి, ఇంటికి ఫోన్ చేయించి మళ్లీ డబ్బు గుంజడం అక్కడ మామూలైపోయింది.

ఇక చట్టం. 1951 నాటి జెనీవా ఒప్పందం జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ఏదైనా సామాజిక వర్గానికి చెందడం అనే కారణాలతో హింసకు గురవుతామన్న భయం ఉన్నవారినే శరణార్థులుగా గుర్తిస్తుంది. అప్పులూ నిరుద్యోగమూ ఎంత బాధాకరమైనవైనా అందులో లేవు. పైగా 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన సురక్షిత దేశాల జాబితాలో భారత్ కూడా ఉంది. అంటే మనవాళ్ల దరఖాస్తులను త్వరగా విచారించి తిరస్కరించే వీలు పెరుగుతుంది. అయితే శరణార్థి కానివారికీ కొన్ని రక్షణలున్నాయి: సముద్రంలో ఆపదలో ఉన్నవారిని కాపాడి తీరాలి, మానవ అక్రమ రవాణా బాధితులకు ఆశ్రయమివ్వాలి. పడవల్లో వస్తున్నవారిని ఇటలీ లిబియాకు తిప్పి పంపడం తప్పని 2012లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానమే చెప్పింది. నిజంగా ప్రాణభయంతో పారిపోయే ఎరిట్రియా, సూడాన్ ప్రజలకు తరచుగా ఆ పడవ తప్ప దారి ఉండదు, వారి మీద నాకు జాలే తప్ప నిందించే ఉద్దేశం లేదు. మీ తమ్ముడి పరిస్థితి అది కాదు. పాస్‌పోర్టు పారేస్తే భారత రాయబార కార్యాలయం అతణ్ణి గుర్తించి సాయం చేయడమే కష్టమవుతుంది.

ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడండి. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. విదేశీ ఉద్యోగాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే రసీదులు, వాట్సాప్ సందేశాలు భద్రపరచి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశాలకు పనికి వెళ్లేవారి రక్షణ చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) కార్యాలయానికీ తెలియజేయండి.