కీమో అయిపోయినా అమ్మకు నీరసం తగ్గుతలేదు – సమాధానం

రిపోర్టులన్నీ మంచిగొచ్చినా అమ్మ మంచం దిగుతలేదు, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిందా అని అడిగినవ్ కదా అన్నా, ఎక్కువమందికి అది కీమో, రేడియేషన్ మిగిల్చిన అలసటే, ఎంత పండుకున్నా పోదు, నెలల తరబడి ఉంటది.

1. ముందుగాల డాక్టర్‌నడిగి సీబీపీ (రక్తకణాల పరీక్ష), థైరాయిడ్ చేపియ్యి. రక్తం తక్కువుంటే దానికి మందుంది. నిద్ర పడుతలేదన్నది, దిగులు పడుతున్నదన్నది కూడా చెప్పాలె.

2. అందరూ వదిలేసేది నడక. మనం ప్రేమతోని చెంబెడు నీళ్లు కూడా మంచం కాడికే తెచ్చిస్తం, కదలక కండ కరిగిపోయి ఇంకింత నీరసం పెరుగుతది. డాక్టర్ సరేనంటే పొద్దున వరంగల్ భద్రకాళి చెరువు బండ్ మీద 10 నిమిషాలతోని మొదలువెట్టి, వారం వారం కొంచెం పెంచుకుంట వారానికి 150 నిమిషాల దాకా తీస్కపో. ఒంట్ల బాలేని రోజు తగ్గించు, మానెయ్యకు.

3. మొదటి మూడేండ్లు 3–6 నెలలకోసారి చెకప్, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). కీమో పేపర్లన్నీ ఒక్క ఫైల్ల పెట్టు.

మేడారం మొక్కు సంగతి అడిగినవ్, తప్పకుండ తీర్పియ్యి, బతికి బయటపడ్డ మనిషి తల్లులకు దండం పెట్టుకుంటే ఆ ధైర్యమే వేరు. జాతర రద్దీల కాకుండ మామూలు రోజుల్ల పోర్రి. నిలువెత్తు బంగారం (మనిషి బరువంత బెల్లం) తూగనియ్యి గని ఆ బెల్లం ఆపరేషనైన వైపు చేత్తోని మొయ్యనియ్యకు, చంకల ఉండే లింఫు గ్రంథులు తీస్తే ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంటది.

కొత్త గడ్డ, తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం కనవడితే చెకప్ తారీఖు దాకా ఆగకుండ వెంటనే తీస్కపో.