జావా మానేసి రియాక్ట్ ఒక్కటే నేర్చుకుంటే చాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. వెబ్ పేజీల పనంతా సర్వర్ నుంచి బ్రౌజర్‌కు వచ్చేసిందట. జావా వదిలేసి అమీర్‌పేటలో రియాక్ట్ కోర్సు చేస్తానంటున్నాడు. ఏది మంచిది? మా తోడికోడలి కొడుక్కి అప్పుడే ఆఫర్ వచ్చింది. టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ టెన్షన్ జావా గురించి కాదు, తోడికోడలి కొడుకు ఆఫర్ గురించి. ముందు ఆ పోలిక మానండి. రోజూ అన్నం దగ్గర ఆ పేరు వింటుంటే ఏ పిల్లాడైనా అడ్డదారే వెతుకుతాడు.

సర్వర్ అంటే కంపెనీ వైపు కంప్యూటర్, బ్రౌజర్ అంటే మన ఫోన్‌లో పేజీ చూపించే క్రోమ్ లాంటిది. జావా ఎక్కువగా సర్వర్ వైపు వాడే భాష, రియాక్ట్ బ్రౌజర్‌లో కనబడే పేజీని కట్టే సాధనం. మీవాడు విన్నది అబద్ధం కాదు గానీ, సగమే. 2004లో జీమెయిల్, మరుసటి ఏడాది గూగుల్ మ్యాప్స్ వచ్చాక పేజీ మళ్లీ లోడ్ కాకుండానే పని జరగడం అందరికీ అలవాటైంది. 2013లో ఫేస్‌బుక్ రియాక్ట్‌ను బయటికి ఇచ్చాక ఆ దారి ఇంకా ఊపందుకుంది. కానీ 2010లో ఇలాగే బ్రౌజర్ మీద భారం వేసిన ట్విట్టర్, 2012లో పేజీ తయారీని మళ్లీ సర్వర్‌కే తెచ్చుకుంది. దాంతో మొదటి ట్వీట్ కనబడే సమయం అయిదో వంతుకు తగ్గింది. ఇప్పుడు రియాక్ట్‌లోనే సర్వర్ కాంపొనెంట్లు, అంటే సర్వర్‌లోనే తయారయ్యే పేజీ ముక్కలు, వచ్చాయి.

అందుకే రియాక్ట్ ఒక్కటే చాలనే కోర్సులంటే నాకు అనుమానం. తను చేసిన రియాక్ట్ పేజీలో రైట్ క్లిక్ చేసి సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, చూడమనండి. చాలాసార్లు 'రూట్' అనే ఖాళీ డివ్ (పేజీలో ఒక ఖాళీ డబ్బా), పక్కన స్క్రిప్ట్ ఫైళ్లు, అంతే ఉంటాయి. అవి దిగి, నడిచేదాకా చవక ఫోన్‌లో తెల్ల తెరే. ఆ తర్వాత డేటా అడగాల్సింది సర్వర్‌నే. పాస్‌వర్డ్ సరిపోయిందా, ఖాతాలో డబ్బుందా అన్నది తేల్చే పని ఎవరూ బ్రౌజర్‌కు వదలరు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో టు-డూ యాప్ చేసినవాళ్లు బోలెడుమంది. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ (పేజీ సర్వర్‌ను ఏం అడుగుతోందో చూపేది) తెరిచి ఏ రిక్వెస్ట్ ఎటు పోతోందో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

కాబట్టి జావా మానొద్దు, రియాక్ట్ వద్దనొద్దు. ముందు జావాస్క్రిప్ట్ (జావా కాదు, రియాక్ట్‌కు పునాది అయిన వేరే భాష) గట్టిగా రావాలి. తర్వాత జావాలో సర్వర్ పని కట్టే స్ప్రింగ్ బూట్‌తో చిన్న ఏపీఐ (పేజీ అడిగిన డేటా ఇచ్చేది), దాని ముందు రియాక్ట్ పేజీ, రెండూ తనే కట్టాలి. మూడో ఏడాదేగా, టైమ్ ఉంది. వాడు వెనకబడలేదమ్మా. అది చేసి చూపిస్తానన్న రోజు పక్కన కూర్చుని చూడండి. ఆఫర్ ఊసు మాత్రం ఎత్తకండి.