తిథి రాయని నోటు పుస్తకం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గోదావరి డెల్టాలోకి ఉప్పునీరు రావడం మీద శాస్త్రవేత్తలూ ఊరివాళ్లూ కలిసి చేసే పరిశోధన గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పెన్సిలు పట్టుకుని, రెండోసారి పెన్సిలు పక్కన పెట్టి. ముప్ఫై ఒక్క పేజీల్లో "భాగస్వాములు" అన్న మాట నలభై మూడుసార్లు వచ్చింది. "భాగస్వాములందరినీ ఏకతాటిపైకి తెచ్చి" అన్న చోట పెన్సిలు ముక్కు విరిగింది. కోనసీమలో ఏకతాటి మీదికి వచ్చేది కొబ్బరిపీచు ఒక్కటేనమ్మా.

ఏడో పేజీలో మాత్రం ఆగిపోయాను. మురుగు కాలువ (పొలాల్లో మిగిలిన నీరు సముద్రానికి పోయే కాలువ) గట్టున పీతల బుట్ట పెట్టుకు కూర్చున్న ముసలామె దోసెడు నీళ్లు తీసి నాలుక మీద వేసుకుని, "ఇవి ఇవాళ్టి పోటు నీళ్లు కాదు, మొన్నటివి, బయటికి పోలేదు" అందని రాశావు. బాగుంది. కానీ వెంటనే ఆమెను "స్థానిక సమాజ ప్రతినిధి"ని చేసి పారేశావు. ఆ నాలుక చెప్పిన మాటని నీ పరిశోధక బృందంలో ఎవరైనా రాసుకున్నారా? రాసుకుంటే ఏ గడిలో రాశారు? నీ వ్యాసమంతా అక్కడుంది. నువ్వు దాన్ని దాటి సదస్సుల్లోకి వెళ్లిపోయావు.

ఇన్ని శాస్త్రాలవాళ్లు, ఇంతమంది ఊరివాళ్లు కలిసి పనిచెయ్యాలంటే ఉమ్మడి సమావేశాలు చాలవు, ఉమ్మడి నోటు పుస్తకం కావాలి. దీని మీద నేను ఎవరితోనైనా పోట్లాడతాను. ఒకే కొలత, ఒకే యూనిట్, ఒకే తేదీ పద్ధతి కుదరనిదే ఎన్ని టీలు తాగినా ఎవరి రిపోర్టు వాళ్లదే.

ముందు మనుషుల్ని విడదియ్యి. సముద్రానికి దగ్గర్లో ఒక మురుగు కాలువ, దాని చివర స్లూయిస్, అంటే నీళ్లని ఆపి వదిలే షట్టరున్న కట్టడం, ఉందనుకో. గట్టుకి ఇటు వరి, అటు రొయ్యల చెరువులు. డిసెంబరు దాటి గోదావరి పాయల్లో నీరు సన్నగిల్లాక ఉప్పునీరు పైకి తోసుకొస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) వేసిన కౌలు రైతుకి షట్టరు దించాలి, చెరువు లీజుకి తీసుకున్నవాడికి ఎత్తాలి. ఉప్పుటేట్లో వల కట్టేవాడికి పోటుకి ఎత్తి ఉంచితేనే రొయ్యపిల్ల లోపలికొస్తుంది. భూమి ఆసామి హైదరాబాదులో ఉంటాడు, ఆయనకి కౌలు వచ్చినా లీజు వచ్చినా ఒకటే. డ్రైనేజీ ఇంజనీరుకి వానాకాలం ముంపు రాకుంటే చాలు. షట్టరు తాళం లస్కరు దగ్గర, అంటే కాలువ కాపలా మనిషి దగ్గర, ఉంటుంది. రాత్రిపూట అది ఎవరి చేతిలోకి వెళుతుందో చెప్పగలిగేది అతనే. నీ ముప్ఫై ఒక్క పేజీల్లో లస్కరు లేడు. కౌలు రైతు ఒక్కసారి వచ్చాడు, అదీ "రైతాంగం" అనే మాటలో కలిసిపోయి.

ఇప్పుడు ప్రశ్న రాయాలి. "డెల్టాలో లవణీయత ప్రభావాల సమగ్ర అధ్యయనం" ప్రశ్న కాదు, బోర్డు. ఆ బోర్డు కింద నేల శాస్త్రవేత్త చౌడు కొలుస్తాడు, జల శాస్త్రవేత్త ప్రవాహం కొలుస్తాడు, మత్స్య శాస్త్రవేత్త చెరువు కొలుస్తాడు, సామాజిక శాస్త్రవేత్త మనుషుల్ని ప్రశ్నావళితో కొలుస్తాడు, అది కూడా ఆఖరి ఆరు నెలల్లో పిలిస్తే. "షట్టరు ఏ తిథికి దించాలి, ఏ తిథికి ఎత్తాలి, ఆ మాట ఎవరు చెబితే చెల్లుతుంది?" ఇదీ ప్రశ్న. దీనికి నలుగురిలో ఏ ఒక్కడూ ఒంటరిగా జవాబు చెప్పలేడు, కాబట్టి కలవక తప్పదు. ఈ వాక్యం నిధులకి అర్జీ పెట్టకముందే గట్టు మీద తయారవాలి. అర్జీ మంజూరయ్యాక ఊరికి వెళితే దాని పేరు అవగాహన సదస్సు.

కొలతల దగ్గరికొస్తాను. నీ వ్యాసంలో పద్నాలుగో పేజీలో "ఉప్పు 2", పంతొమ్మిదిలో "ఉప్పు 1,900", ఇరవై రెండులో "ఉప్పు 3.8" అని ఉంది. మూడూ ఇంచుమించు ఒకే నీళ్లని నీకు తెలుసా? మొదటిది రొయ్యల రైతు రిఫ్రాక్టోమీటరులో (ఒక చుక్క నీళ్లు వేసి కంటితో ఉప్పు చూసే గొట్టంలో) చూసే పి.పి.టి., అంటే లీటరుకి సుమారు ఇన్ని గ్రాములు. రెండోది తాగునీటివాళ్ల లెక్క, లీటరుకి మిల్లీగ్రాములు. మూడోది వ్యవసాయంవాళ్ల వాహకత, అంటే నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్న లెక్క, మీటరుకి డెసిసీమెన్స్. సముద్రపు నీరు 35 పి.పి.టి. ఉంటే వాహకత మీటరు 25 డిగ్రీల దగ్గర 53 చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటరులో ఒక్కో గీత ఒక్కో పి.పి.టి. కాబట్టి, 2 దగ్గర చూపు అటూ ఇటూ అయితే సగానికి సగం తప్పు. చెరువు రైతుకి 2 అంటే మంచినీళ్లే. వరి రైతుకి అదే నీళ్లు గండం.

మట్టి లెక్క మళ్లీ వేరు. వరికి 3 డెసిసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలై, ఆపైన ఒక్కో యూనిట్‌కీ సుమారు 12 శాతం పోతుందన్న లెక్క, మట్టిని ముద్దయ్యేదాకా తడిపి పిండిన నీటిలో చూసినది. మన ప్రయోగశాలల్లో ఎక్కువగా చేసేది ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూడటం. నీళ్లు ఎక్కువ కాబట్టి అంకె చిన్నగా వస్తుంది. ఆ చిన్న అంకెని 3తో పోల్చి "పొలం క్షేమం" అని రాస్తే, ఆ పొలంలో నారు ఎండిన రైతు మళ్లీ నీ బృందాన్ని గట్టు ఎక్కనివ్వడు. ఏ పద్ధతో ప్రతి అంకె పక్కనా రాయి.

ఒక సంపాదకుడు నా వ్యాసంలో యూనిట్లన్నీ కొట్టేసి, "పాఠకులు బెదురుతారు" అని, "నీటిలో ఉప్పు 4 శాతం" అని అచ్చు వేశాడు. 4 శాతమంటే సముద్రం కన్నా ఉప్పన! సవరణ వెయ్యమంటే ఇప్పటికీ వెయ్యలేదు. నీకూ అలాంటివాడు తగులుతాడు. యూనిట్ వాక్యంలోనే ఇరికించు, కత్తిరిస్తే వాక్యం కుంటేలా.

మీటరుని ప్రతి ఉదయం 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంలో ముంచి సరిచూడాలి. సీసాని తీసే నీళ్లతోనే మూడుసార్లు కడగాలి. కాలువలో పైన ఒకటి, అడుగున ఒకటి తియ్యాలి. ఉప్పునీరు బరువు, అడుగున నాలుకలా పాకుతూ వస్తుంది. పైపై బిందెతో ముంచినవాడికి తియ్యటి నీళ్లే దొరుకుతాయి. పంపు పైపు మాత్రం అడుగునుంచి లాగుతుంది.

ఇక తిథి. నీ బృందం ప్రతి పదిహేను రోజులకీ నమూనా తీసిందని గొప్పగా రాశావు. అక్కడే కొంప మునిగింది. అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు, అష్టములకి చచ్చుపోటు. ఈ చక్రం 14.77 రోజులు. పదిహేను రోజుల లెక్కన వెళ్లేవాడు మొదటిరోజు అష్టమినాడు వెళ్లాడంటే, నాలుగు నెలల పంటకాలంలో రెండు రోజులైనా జరగడు, అన్నీ అష్టమి చుట్టూనే. పెద్ద పోటు ఎక్కిన రోజు అతని పుస్తకంలో ఉండదు. కాలువలో ఉప్పు లేదని తేలుతుంది! పల్లెకారుని అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేవాడు, అతని పని క్యాలెండరే తిథి. నోటు పుస్తకంలో తేదీ పక్కన తిథి గడి, పోటో పాటో (నీరు ఎక్కుతోందో తీస్తోందో) గడి, షట్టరు ఎన్ని అంగుళాలు ఎత్తి ఉందో గడి, ఎవరైనా రుచి చూసి చెప్పిన మాటకి ఒక గడి పెట్టించు. ఇంజనీరు నవ్వుతాడు. నవ్వనీ.

ఎత్తుల సంగతి కూడా చూసుకో. జీపీఎస్ ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి లెక్కించినది కాదు. మన తీరంలో సరిచెయ్యకుండా చూస్తే పొలం సముద్రం కన్నా పదుల మీటర్లు లోతున ఉన్నట్టు వస్తుంది. నీటిపారుదలవాళ్ల లెవెల్ రాయితో (సముద్ర మట్టం నుంచి ఎత్తు గుర్తుపెట్టిన రాయితో) కలపకుండా మ్యాపు గీస్తే నీళ్లు ఎత్తుకి పారతాయి.

సమావేశాలు పెట్టొద్దనను, సమయం చూసి పెట్టు. నాట్లప్పుడు పిలిస్తే రైతు రాడు, కూలి అసలు రాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఇంచుమించు అప్పుడే డెల్టా కాలువలు కట్టేస్తారు, దాళ్వా కోతలూ అయిపోతాయి. మే నెల ఎండకి భయపడకపోతే అందరూ దొరుకుతారు, కాలువ అడుగూ కనబడుతుంది. ఉప్పుటేటి వలవాళ్లని మిగతా నెలల్లో అష్టమికి పిలువు, ఆ రోజుల్లో వలకి పని తక్కువ. కౌలు రైతుల్ని ఆసామి లేకుండా వేరే కూర్చోబెట్టు. వచ్చినవాళ్లకి రోజుకూలి బడ్జెట్లోనే ఉండాలి, పడవ డీజిలుకి డబ్బున్నట్టే. ఫలితం ఇంగ్లీషు పత్రికకి వెళ్లేముందు స్లూయిస్ గోడ మీద తిథుల పట్టికగా అతికించాలి. తప్పుంటే మర్నాటికి ఎవరో ఒకరు కొట్టేసి రాస్తారు. ఆ కొట్టివేతని ఫొటో తీసి దాచు.

కోరింగ మడ అడవుల మీద నీ అధ్యాయం పలచగా ఉంది. అడవి నరికాక నేల గిన్నెలా కుంగితే, పోటుకొచ్చిన నీరు పాటుకి పోక, ఎండకి ఇగిరి, ఉప్పు పేరుకుంటుంది. అందులో ఎన్ని తెల్లమడ మొక్కలు వరసగా నాటినా చస్తాయి. అందుకే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవాళ్లు అటవీశాఖతోనూ ఊరివాళ్లతోనూ కలిసి, ముందు చేపముల్లులా కాలువలు తవ్వి, పోటుపాట్లు ఆడేలా చేసి, తర్వాత నాటారు. అందులో నీటి లెక్క ఉంది, మొక్క లెక్క ఉంది, మేతకొచ్చే పశువుల్ని ఆపే ఊరి ఒప్పందం ఉంది. నువ్వు "లక్ష మొక్కలు నాటారు" అని ఆగిపోయావు. నాటినవి అందరూ లెక్కపెడతారు, మూడేళ్లకి బతికినవి లెక్కపెట్టు.

"పచ్చని కోనసీమ" అని మొదలుపెట్టిన పేరా, "ఇకనైనా ప్రభుత్వం మేల్కోవాలి" అని ముగించిన పేరా కొట్టేశాను. ఈ మధ్య అందరి వ్యాసాలకీ అవే తలా తోకా. ఏ పత్రికకి పంపాలని అడిగావు, ఆ సంగతి తర్వాత.

వచ్చే అమావాస్యకి మీటరు పట్టుకుని ఆ ముసలామె దగ్గరికి వెళ్లు. ఆమె రుచి చెప్పాకే మీటరు ముంచు, ముందు కాదు. మళ్లీ అష్టమికి వెళ్లు. రెండు అంకెలూ, ఆమె రెండు మాటలూ, షట్టరు ఎత్తూ ఒక కార్డు మీద రాసి నాకు పంపు. వెళ్లేటప్పుడు ఆమె దగ్గర పీతలు కొను, ఊరికే కూర్చోబెట్టి మాట్లాడించకు.

ఇట్లు
నీ మేలు కోరే పెద్దాయన

తా.క.: ఏడో పేజీ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకున్నాను. మిగతా ముప్ఫై ఈ కవరులో ఉన్నాయి.