రిపోర్టుల్లో ఏమీ లేకపోయినా ఆ నొప్పి నిజమేనండి

మూత్రం కల్చర్ పరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదు, స్కాన్ బాగుంది, అయినా పొత్తికడుపులో మంట. డాక్టరేమో చిన్నప్పటి భయాలకీ దీనికీ సంబంధం ఉండొచ్చన్నారు. అంటే నాది భ్రమ అనేనా అని అడిగారు మీరు. కాదండి. నేనూ అదే అనుకుని ఏడ్చాను.

మాది కోనసీమలో సముద్రం దగ్గరి ఊరు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకి నాకు 11 ఏళ్ళు. ఇంటికప్పు లేచిపోతే వాడంతా బడిగదిలో చేరాం. బయట కొబ్బరిచెట్లు ఫెళఫెళా విరుగుతున్నాయి. ఒంటేలు వస్తోందని అమ్మతో చెప్పడానికి కూడా భయమేసి, మోకాళ్ళు బిగించుకుని తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను. పొద్దున్నే తెలిసింది, మా మావయ్య లేడని.

ముప్పై దాటాక నొప్పి మొదలైంది. మూత్రసంచి నిండేకొద్దీ మంట, వెళ్ళొస్తే కాస్త నెమ్మది. కల్చర్‌లో ఏమీ రాకపోయినా రెండేళ్ళు యాంటీబయాటిక్స్ మింగాను. చివరికి ఒక యూరాలజిస్టు దీన్ని ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అంటారని చెప్పి, ఎప్పుడు ఎక్కువవుతోందని అడిగారు. ఆలోచిస్తే, టీవీలో వాయుగుండం అన్నప్పుడల్లా!

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. పెద్ద భయం చవిచూసిన కొందరి ఒంట్లో నరాలు కాపలా మానవు. సంచి నుంచి వచ్చే మామూలు కబురు కూడా వెన్నుపాము, మెదడు దగ్గర నొప్పిగా పెరిగిపోతుంది. కటి భాగం అడుగున కండరాలు తెలియకుండానే బిగుసుకుంటాయి. చిన్నప్పుడు హింసకీ వేధింపులకీ గురైనవాళ్ళలో ఈ నొప్పి ఎక్కువగా కనిపిస్తోందని పరిశోధనల్లో తేలింది. అలాగని ఈ జబ్బున్న అందరికీ అలాంటి గతం ఉండాలని లేదు, నాది ఆ రాత్రివల్లే వచ్చిందనీ చెప్పలేను.

నాకు బాగా పనిచేసింది ఫిజియోథెరపీ. ఆ కండరాలను బిగించడం కాదు, వదలడం నేర్పారు. అంతకుముందు వీడియోలు చూసి, ఆ కండరాలనే బిగించే కీగెల్ వ్యాయామాలు చేసి నొప్పి పెంచుకున్నాను. రాత్రిపూట తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. డిప్రెషన్ మందని కంగారుపడ్డాను, నరాల నొప్పికీ అదే వాడతారట. కౌన్సెలింగ్‌కీ వెళ్తున్నాను. కాఫీ, చింతపండు పులుసు నాకు పడవు, మీకు పడొచ్చు. మూత్రంలో రక్తం, జ్వరం కనిపిస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఈసారి డాక్టరు దగ్గర మీ పాత సంగతి కూడా చెప్పండి. నోరు రాకపోతే కాగితం మీద రాసివ్వండి. నేను అలాగే ఇచ్చాను, నాలుగు ముక్కలు.